మొదటి బంతిలో ఎవరు కూర్చోవాలి

దుర్గమ్మ కళ్ళ ముందు నుంచి ఏదీ ఊరికే దాటిపోదు. నాచారంలో ఒక మందుల కంపెనీ. అందులో ప్యాకింగ్ లైను చివర ఎత్తు స్టూలు మీద కూర్చుని ఆమె చెకింగ్ పని చేస్తుంది. వెండి రేకుల్లో ఒదిగిన మాత్రలు బెల్టు మీద సన్నని ఏరులా ఆమె ముందుకు వస్తాయి. ఎక్కడో ఒక గుంటలో మాత్ర ఉండదు. ఆ ఒక్క ఖాళీని పట్టుకుని పక్కన పడెయ్యడమే ఆమె ఉద్యోగం. ఏళ్ళ తరబడి అదే చూసి చూసి, నిండుగా ఉన్నవాటి మీద ఆగడం ఆమె చూపు మరిచిపోయింది. వాకిట్లో ముగ్గు చూస్తే తప్పిన చుక్కే ముందు కనబడుతుంది. మనిషి నవ్వితే, ఆ నవ్వులో తక్కువైందేమిటా అని వెతుకుతుంది.

కొత్త పెళ్ళికూతురుగా పాలకుర్తి వైపు నుంచి వచ్చి, నాచారం చెరువు వెనక ఒంటి గది ఇంట్లో కాపురం పెట్టింది. భర్త రామస్వామి లేత్ మిషను మీద పనివాడు. కొడుకు విక్రమ్ పుట్టాక, షిఫ్టు మారినప్పుడల్లా పిల్లాడిని ఎవరో ఒకరు చూసుకోవాల్సి వచ్చేది. ఆ ఎవరో ఒకరు లైనులోని ఆడవాళ్ళే. పొద్దుటి షిఫ్టు దిగినామె ఎత్తుకునేది, రాత్రి షిఫ్టు ఎక్కబోయే ఆమె తినిపించేది. చిల్కానగర్ పద్మావతి వాడిని చంకనేసుకుని బడికి తీసుకుపోయేది. విక్రమ్‌కు చిన్నప్పుడు ఒక లైను నిండా అమ్మలుండేవారు.

ఆ విక్రమ్‌కు పెళ్ళయింది. మాఘమాసం, రెండు వేల పద్నాలుగు. ఢిల్లీలో తెలంగాణ బిల్లు నలుగుతున్న రోజులు. ఇక్కడ ఉప్పల్ చౌరస్తాలో ఏ ఇద్దరు కలిసినా, ముందు ఒకరి యాస ఒకరు విని, ఆ తర్వాతే మాట కలిపేవారు. అటువంటి రోజుల్లో విక్రమ్ తనతోపాటు పనిచేసే గీతికను చేసుకున్నాడు. ఆమెవాళ్ళు తణుకు వైపువాళ్ళు. తండ్రి రామచంద్రరావు హబ్సిగూడలో ఉంటూ ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తాడు. పెళ్ళి వాళ్ళు చేశారు. ఆదివారం నాచారం ఫంక్షన్ హాల్లో రిసెప్షన్ చేసేది మాత్రం దుర్గమ్మ వాళ్ళు.

రిసెప్షన్‌కు పిలవడానికి దుర్గమ్మ కుంకుమ భరిణ పట్టుకుని, షిఫ్టు వదిలే వేళకు కంపెనీ గేటు దగ్గరికి వెళ్ళింది. లైను ఆడవాళ్ళు టిఫిన్ బాక్సుల చప్పుడుతో బయటికి వచ్చారు. ఆమెను చూసి పద్మావతి నుదురు ముందుకు వంచలేదు.

"పెండ్లి మంచిగ సూసిన్రా?" అంది దుర్గమ్మ, ఏదో ఒకటి అనాలని.

"సూసినం దుర్గక్కా. బూరెలు సూసినం, పులిహోర సూసినం. పిలగాడు తాళి కట్టింది మాత్రం సూడలే."

"ఏందే? మీరు ముందట కూసున్నరనుకున్న గదనే!"

"ముందట ఏడ కూసోనిచ్చిన్రు? లోపట కాలు పెట్టంగనే మీది అంతస్తుకు తోల్కపోయిన్రు. ముందు మీరు భోంచెయ్యాలండీ అనుకుంట. మెట్ల కాడ గా పిల్ల తమ్ముడు వాచ్‌మన్ లెక్క నిలబడ్డడు. తింటాంటే ఇంకోటి ఇంకోటి అని ఏస్తనే ఉన్నరు, లేవనిస్తలేరు. కిందికొచ్చేవరకు అక్షింతలు ఊడుస్తున్రు."

మిగతావాళ్ళు అవునన్నట్టు గేటు గోడకు ఆనుకున్నారు. దుర్గమ్మ చేతిలో భరిణ మూత తెరిచే ఉంది. గాలికి కొంచెం కుంకుమ లేచి ఆమె మణికట్టు మీద పడింది.

"గట్లెందుకు జేస్తరే?"

"ఎందుకా? పట్టుచీరలోళ్ల నడుమ కంపెనీ ఆడోళ్లు కనపడొద్దని. మన దిక్కు ముందుగాల ఎవలకు పెట్టి పంపిస్తం? బ్యాండోళ్లకు, టెంటోళ్లకు. సొంతోళ్లు ఆఖరుకు గదా తినేది, ఇంటోళ్లతోని కలిసి." పద్మావతి కొంగు దులుపుకుంది. "ఈ దావత్‌ల మమ్ముల ఏడ కూసోపెడ్తవో జెప్పు. అది జెప్పినంక బొట్టు పెట్టు."

ఆ రోజు బొట్టు పెట్టించుకోకుండానే వాళ్ళు బస్సెక్కారు.

ఇంటికి నడిచి వస్తుంటే దుర్గమ్మకు పెళ్ళి మొత్తం వెనక్కి తిరిగి కనిపించింది. వియ్యపురాలు అన్నపూర్ణమ్మ మాటిమాటికీ మెట్ల వైపు చూడటం ఎందుకు? తను "మావోళ్లేరి?" అని అడిగినప్పుడు, "వాళ్ళ సంగతి మేం చూసుకుంటున్నాం వదినగారూ" అని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టడం ఎందుకు? అప్పుడు మెత్తగా అనిపించిన చెయ్యి ఇప్పుడు గట్టిగా తోస్తోంది. ఈ ఆదివారం వాళ్ళు రాకపోతే, విక్రమ్ పక్కన ఎంతమంది నిలబడినా ఫొటోలో తనకు కనిపించేది వాళ్ళు లేని చోటే. అది ఆమెకు బాగా తెలుసు.

మర్నాడు రామచంద్రరావు ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, మావైపు నుంచి ఎక్కువమంది రావడం లేదమ్మా. పరిస్థితులు చూస్తున్నారుగా, ఊళ్ళోవాళ్ళు భయపడుతున్నారు. వచ్చిన కాస్తమందినీ ఎక్కడ కూర్చోబెట్టినా సర్దుకుంటారు. మీరేం శ్రమపడకండి."

"ఏం ఫికర్ లేదన్నా," అని పెట్టేసింది. కానీ ఎక్కడ కూర్చోబెట్టినా అన్న మాట ఫోన్ పెట్టేశాక కూడా చెవిలో ఉండిపోయింది. కూర్చోబెట్టడం గురించి అడగని మనిషికి ఆయనెందుకు చెప్పాలి? తప్పు చేసినవాడే ఆ తప్పున్న చోటు చుట్టూ తిరుగుతాడు. సరే, ఎక్కడైనా సర్దుకుంటారు గదా, సర్దుకోనీ.

ఆ మధ్యాహ్నం ఆమె వసారాలో చేట ముందు పెట్టుకుని కూర్చుంది. చేటే హాలు. కింది సగం స్టేజీ ఉన్న అంతస్తు, పై సగం భోజనాల అంతస్తు. లైను ఆడవాళ్ళు పల్లీలు. వియ్యాలవారు శనగలు. సోఫాల కోసం చింతగింజలు. పల్లీలన్నిటినీ తెచ్చి స్టేజీ ముందు చింతగింజల పక్కన పేర్చింది. శనగలను ఒక్కొక్కటే వేలితో తోసుకుంటూ పైఅంతస్తుకు పంపింది. మొదటి బంతిలో తిని వెళ్ళిపోయేవాళ్ళు వాళ్ళే. పంపుతుంటే వేలి చివర చిన్న సంతోషం, చలికాలం ఎండలా వెచ్చగా తగిలింది.

రామస్వామి చాయ్ గ్లాసుతో వచ్చి తొంగిచూశాడు. "దావత్ జేస్తున్నవా, పచ్చీసు ఆడుతున్నవా?"

"నీకేం దెల్వదు, పో."

"నాకు దెలిసింది ఒక్కటే. శనగలు ఓడిపోతున్నయ్," అని నవ్వుకుంటూ వెళ్ళాడు.

కాసేపటికి గీతిక వచ్చి పక్కన కూర్చుంది. ఇంట్లో అడుగుపెట్టి కొద్ది రోజులే. అప్పటిదాకా పెరట్లో నిలబడి వాళ్ళమ్మతో ఫోన్లో గుసగుసలాడుతోంది. ఆ గుసగుసల్లో దుర్గమ్మకు "వాళ్ళు" అన్న మాట ఒక్కటే వినబడింది. వాళ్ళంటే ఎవరో తెలియలేదు. తెలియనిది మంచిదై ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"అత్తయ్యా, ఈ శనగలు ఎవరు?"

"మీవోళ్లు."

"పల్లీలు?"

"నావోళ్లు."

"మావాళ్ళని పైకెందుకు పంపారు?"

"దూరం పోయేటోళ్లు గదా బిడ్డా. ముందుగాల తినిపోతరు. మొదటి బంతి మీవోళ్లదే."

తెల్లబోతుందనుకున్న ఆ పిల్ల ముఖం కంగారుతో ఎర్రబడింది. "అమ్మో, వద్దత్తయ్యా! అమ్మ చచ్చినా కూర్చోదు. మొదటి బంతి మగపెళ్ళివారిది కదా! అంతకంటే ముందు మావాళ్ళు విస్తరి ముందు కూర్చుంటే రేపు ఊళ్ళో తలెత్తుకోగలరా? పెళ్ళిలో కూడా అందుకేగా, మన కంపెనీ ఆంటీవాళ్ళని అందరికంటే ముందు పైకి తీసుకెళ్ళింది. పెద్దమ్మలే స్వయంగా వడ్డించారు. మీవాళ్ళు లేచేదాకా మా మేనమామలు సైతం మెట్లెక్కలేదు."

దుర్గమ్మ చేటలోంచి ఒక శనగను తీసి వేళ్ళ మధ్య తిప్పింది. పిల్ల తడుముకోకుండా చెప్పింది. తడుముకోకపోవడమే ఆమెకు నచ్చలేదు. ఇప్పటిదాకా పెరట్లో తల్లి చెప్పి పంపిన పాఠం కాదని నమ్మకమేమిటి?

ఆ సాయంత్రం గీతిక తమ్ముడు ఫణీంద్ర ఏదో స్వీటు డబ్బా ఇవ్వడానికి వచ్చాడు. వాడు చెప్పులు విప్పకముందే, అక్కతో మాట్లాడే వీలు లేకుండా, దుర్గమ్మ గడపలోనే ఆపింది.

"పెండ్లిల మెట్ల కాడ నిలబడ్డవు గదా. ఎందుకు నిలబడ్డవ్?"

"నాన్న నిలబెట్టాడండీ అత్తయ్యగారూ. మీవాళ్ళు తింటుండగా మావాళ్ళెవరూ పైకి ఎక్కెయ్యకుండా కాపలా. నన్నూ ఎక్కనివ్వలేదు. చివరికి నేను వెళ్ళేసరికి బూరెలైపోయాయి. మా ఇంటి పెళ్ళిలో నాకే బూరె దక్కలేదు, తెలుసా!"

దుర్గమ్మ వాడి ముఖంలోకి చూసింది. అబద్ధం చెప్పేవాడు బూరెల గురించి అంత బాధపడడు. ఆమె పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. తప్పు దొరకనప్పుడు ఇంత ఇబ్బందిగా ఉంటుందని ఆమెకు ఇంతవరకు తెలియదు.

తెల్లారి చిల్కానగర్ వెళ్ళింది. పద్మావతి మంచం మీద కూర్చుని ఎల్లిగడ్డలు ఒలుస్తోంది. దుర్గమ్మ కూడా కొన్ని చేతిలోకి తీసుకుని ఒలుస్తూ, విన్నదంతా చెప్పింది. వాళ్ళ వైపు ముందు పెట్టడమే మర్యాదని, వాచ్‌మన్ అనుకున్న పిల్లాడు వీళ్ళ గౌరవానికే నిలబడ్డాడని.

పద్మావతి అంతా విని పొట్టును ఊదేసింది.

"మర్యాదనే అనుకుందాం. మర్యాద జేసేటోళ్లు మాట జెప్తే ఏం పోయె? తాళి కట్టుడు సూడనియ్యని మర్యాద నాకెందుకక్కా? వాన్ని సంకల ఏసుకొని వానల బడికి మోసిన. గా ఒక్క నిమిషం కోసం సెలవు పెట్టుకున్న. బూరె కోసం పెట్టుకున్ననా?"

దుర్గమ్మ ఇంకో ఎల్లిగడ్డ చేతిలోకి తీసుకుంది.

"ఇంకో మాట. నిన్న మొన్నటిదాంక వాళ్లు దొంగలు. గిప్పుడు మర్యాదస్తులైన్రు. నీకు వియ్యపురాలు ముద్దొచ్చిందక్కా."

ఆ మాట ఎల్లిగడ్డ ఘాటు కంటే ముందు కళ్ళకు తగిలింది. "ఆదివారం రాండ్రే," అంది లేస్తూ.

"ఏడ కూసోపెడ్తవ్?"

"వచ్చినంక సూడుండ్రి."

గొప్ప కోసం అన్నది కాదు. ఎక్కడ కూర్చోబెట్టాలో ఆమెకు నిజంగానే తెలియలేదు. పద్మావతి తలుపు దగ్గరికి వచ్చి సాగనంపలేదు. కానీ ఈసారి బొట్టు పెట్టించుకుంది.

ఆదివారం పొద్దుగూకేవేళకు హాల్లో లైట్లు వెలిగాయి. వియ్యాలవారు స్టేజీకి కుడివైపు ఒక మూలగా సర్దుకున్నారు. తణుకు నుంచి వచ్చిన కొద్దిమందీ ఒకరి భుజానికి ఒకరు దగ్గరగా, వానలో చూరు కింద నిలబడ్డట్టు కూర్చున్నారు. రామస్వామి చుట్టాలు ఎడమ వైపు. ఈ రెండు గుంపుల మధ్య ఎర్ర కుర్చీల వరుసలు ఖాళీగా ఉన్నాయి. వచ్చినవాడెవడైనా అక్కడ ఆగి, ఇటూ అటూ చూసి, ఏదో ఒక ఒడ్డుకు వెళ్ళిపోతున్నాడు.

లైను ఆడవాళ్ళు వచ్చి గేటు బయటే ఆగిపోయారని ఎవరో చెప్పారు. దుర్గమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గేటు దాకా పరుగుపెట్టింది. అందరూ ఒకే దుకాణంలో కొన్నట్టున్న కొత్త చీరల్లో, నెత్తిన మల్లెలతో, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"లోపలికి రాండ్రే!"

"మీదికా, కిందికా?" అంది పద్మావతి.

దుర్గమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. హాలు మధ్యలో ఖాళీగా ఉన్న దారి వెంట, సోఫాల్లో కూర్చున్న పెద్దవాళ్ళను దాటించి, ఫొటోల కోసం వరుస కట్టినవాళ్ళను పక్కకు జరిపి, అందరినీ నేరుగా స్టేజీ ఎక్కించింది. విక్రమ్ ఒక్కొక్కరి కాళ్ళకూ వంగాడు. గీతిక కూడా వంగింది. పద్మావతి ఆ పిల్ల మెడలోని తాళిని అరచేతిలోకి తీసుకుని, లైటు వైపు తిప్పి, చాలాసేపు చూసింది.

"గిదేనా కట్టింది?"

"ఇదే ఆంటీ."

"మంచిగుంది," అని మెల్లగా వదిలేసింది. కట్టిన తాళిని చూడటం వేరు, కడుతుండగా చూడటం వేరు. ఆమె చెయ్యి గాల్లో ఒక క్షణం ఖాళీగా ఉండిపోవడం దుర్గమ్మ చూసింది.

అంతలో హాలు మేనేజరు వచ్చి పైన అంతా సిద్ధమని చెప్పాడు. దుర్గమ్మ ముందు వియ్యపురాలి దగ్గరికి వెళ్ళింది.

"లెవ్వుండ్రి వదినె, మీవోళ్లను తీస్కొని."

"అయ్యో, మేం ముందా! మగపెళ్ళివారు కూర్చోకుండానే? తప్పు వదినగారూ. ముందు మీవాళ్ళు కానివ్వండి," అంది అన్నపూర్ణమ్మ, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని.

దుర్గమ్మ లైను ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

"మల్ల మొదటి బంతా?" అంది పద్మావతి. "సోఫాలోళ్లు తినంగనే రాం, మీవోళ్లు తినంగనే రాం. సొంతోళ్ల లెక్క ఆఖరుకు తింటం. లేకుంటే లేదు."

మళ్ళీ అటు. మళ్ళీ ఇటు. రామస్వామి చుట్టాలు కూడా, పిలిస్తే వెళ్దామని కొందరు, పరాయివాళ్ళమా ముందు తినడానికి అని కొందరు, కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. హాలంతా ఆకలి మీద మర్యాదగా కూర్చుని ఉంది. పైనుంచి బగారా అన్నం, మటన్ వాసన మెట్ల మీదుగా దిగి వచ్చి, ఎవరినీ లేపలేక, కుర్చీల మధ్య తిరుగుతోంది. "అమ్మా, అన్నం సల్లారిపోతుంది, ఎవరో ఒకరు లేవాలె గదా," అని మేనేజరు ఇంకోసారి వచ్చి వెళ్ళాడు.

దుర్గమ్మ ఊపిరి తీసుకోవడానికి స్తంభం పక్కన ఆగింది. అవతల వైపు ఎవరో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు.

"లేవకు అన్నపూర్ణా. ఏదో పరీక్ష పెడుతున్నట్టుంది. ఇప్పుడు మనం ముందు తిన్నామా, రేపు అమ్మాయిని దెప్పడానికి అదొకటి దొరుకుతుంది వాళ్ళకి. ఆవిడ చూపు చూశావుగా, ప్రతిదాన్నీ పట్టి పట్టి చూస్తుంది."

గొంతు రామచంద్రరావుది. మాట మాత్రం తనదే. ఈ వారం రోజులూ తను లోలోపల అనుకున్నవన్నీ ఎవరో ఆ వైపు యాసలో మళ్ళీ చదివినట్టుంది. స్తంభానికి ఇటు తను, అటు ఆయన, ఇద్దరూ ఒకే భయానికి వీపు ఆనించి నిలబడ్డారు. కోపం వస్తుందేమోనని ఒక్క క్షణం చూసుకుంది. రాలేదు.

ఇక ఆమె ఎవరినీ పిలవడానికి వెళ్ళలేదు. సరాసరి మెట్లెక్కింది. పైన బల్లల మీద కాగితం పరిచి, విస్తర్లు వేసి, గ్లాసుల్లో నీళ్ళు పోసి ఉన్నాయి. మొదటి వరుసలో, సరిగ్గా మధ్య కుర్చీ లాక్కుని కూర్చుంది.

వెనకే వచ్చిన రామస్వామి అదిరిపోయాడు. "ఏమైందే నీకు? పెండ్లికొడుకు తల్లివి! ఇంటామె ముందుగాల విస్తరి ముందు కూసుంటదా? ఎవలన్న సూస్తే నవ్విపోతరు!"

"నవ్వనీ. నాకాకలైతుంది. పెట్టమను."

"ఊళ్లె జెప్పుకుంటరే, దావత్ జేసినామెనే ఫస్టు తిన్నదని!"

"గదే జెప్పుకోనీ. ఇంకెవలు ముందుగాల తిన్నరన్నది జెప్పుకోరు."

వడ్డించేవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పొరుగింటివాళ్ళ ఇద్దరు పిల్లలు ఆ వింత చూసి కిందికి పరుగెత్తారు. నిమిషంలో హాలంతా తెలిసిపోయింది. కుర్చీలు జరిగిన చప్పుడు మెట్ల మీదుగా పైకి వచ్చింది. ముందు పద్మావతి రొప్పుతూ వచ్చింది.

"దుర్గక్కా, ఇజ్జత్ తీస్తున్నవ్ గదనే! లే!"

"లెవ్వ. నువ్ కూసో."

ఆ వెనకే అన్నపూర్ణమ్మ చెంగు నడుముకు దోపుకుంటూ వచ్చి, వడ్డించే అతని చేతిలోంచి బేసిను లాక్కుంది. "వదినగారు ఒక్కరే కూర్చోవడమేమిటి, చూస్తూ ఊరుకోవడమేమిటి! నేను వడ్డిస్తా."

"వడ్డించుడు మల్ల, వదినె. ఈ పక్కన కూసో."

అన్నపూర్ణమ్మ పద్మావతి వైపు చూసింది. పద్మావతి అన్నపూర్ణమ్మ వైపు చూసింది. అటు ఖాళీ కుర్చీ ఒకటి, ఇటు ఒకటి.

"ముందు ఆమెను కూసోమను," అంది పద్మావతి.

"ముందు వారు కూర్చోవాలండీ," అంది అన్నపూర్ణమ్మ.

దుర్గమ్మ రెండు చేతులూ చాచి రెండు కుర్చీలనూ ఒక్కసారే వెనక్కి లాగింది. ఇద్దరూ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ, అవతలామె ఎంత వంగితే తానంత వంగుతూ, ఒకేసారి కూర్చున్నారు. ఆ తర్వాత లైను ఆడవాళ్ళు, తణుకువాళ్ళు, రామస్వామి చుట్టాలు ఎవరికి ఎక్కడ కుర్చీ దొరికితే అక్కడ సర్దుకోవలసి వచ్చింది. ఎంచుకోవడానికి చోటు మిగల్లేదు.

అన్నం వచ్చింది, కూర వచ్చింది. పద్మావతి మెడ సాచి అన్నపూర్ణమ్మ విస్తరిలోకి చూసింది. "ఆమెకు మెత్తటి ముక్కలేసిండు. నాకు బొక్కలేసిండు. సూసినవా?"

"తినవే తల్లీ."

పద్మావతి ఒక ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకోకుండా ఆగి, దుర్గమ్మ మీదుగా అవతలికి వంగి అడిగింది.

"ఏమమ్మా, ఒక మాట అడుగుత, ఉన్నదున్నట్టు జెప్పాలె. తాళి కట్టెటప్పుడు మా పోరడు ఎట్లున్నడు? నేను సూడలే."

అన్నపూర్ణమ్మ చెయ్యి విస్తరిలోనే ఆగింది. మెల్లగా, "మీరు చూడలేదా?" అంది. ఒక్కసారిగా ఏదో అర్థమైనట్టు ఆమె ముఖం వాలిపోయింది. "అయ్యో... పైన మేమే ఆపేశాం కదూ మిమ్మల్ని. ఇంకో బూరె, ఇంకో బూరె అని..."

"అది సరే. జెప్పు."

దుర్గమ్మ కూడా వియ్యపురాలి వైపు తిరిగింది. ఆ నిమిషాన తను మండపంలోనే ఉంది. కానీ తలంబ్రాల పళ్ళెం ఎవరు తెస్తున్నారో, ఎవరి ముఖం ముడుచుకుందో చూస్తూ ఉండిపోయింది. ఆ ముడి తను కూడా చూడలేదని ఇప్పుడే తెలిసింది.

"చెయ్యి వణికిందండీ అబ్బాయికి," అంది అన్నపూర్ణమ్మ. "మొదటి ముడి పడింది. రెండోది పడింది. మూడోది ఎంతకీ పడదే! మా అమ్మాయి తల వంచి, జడ పక్కకి తీసి, మెల్లగా ఏదో చెప్పింది. అప్పుడు వేశాడు. వేసి, తల ఎత్తి, జనంలో అటూ ఇటూ ఎవరి కోసమో వెతికాడు."

పద్మావతి కళ్ళు చిన్నవి చేసింది. "ఎవల కోసం ఎతికిండు? నిజం జెప్పు, నన్ను ఖుషీ జెయ్యనీకె అంటున్నవా?"

"మీరెవరో అప్పుడు నాకేం తెలుసండీ, ఖుషీ చెయ్యడానికి?"

పద్మావతి ఆ జవాబును ఇటూ అటూ తిప్పి చూసుకుంది. ఎక్కడా ఏమీ దొరికినట్టు లేదు.

"చిన్నప్పుడు అంగి గుండీలు పెట్టుకోనీకె గూడ గట్లనే వణికేది వానికి," అంది చివరికి. "ఆఖరు గుండీ నేనే పెడ్తుంటి. ఇంకా జెప్పు. ముడి ఏసినంక ఏం జేసిండు?"

అన్నపూర్ణమ్మ కుర్చీని కొంచెం దగ్గరికి జరుపుకుంది. దుర్గమ్మ వాళ్ళిద్దరి మాటలకూ అడ్డం రాకుండా వెనక్కి ఆనుకుని, పెళ్ళిని మొదటి నుంచి వినసాగింది.